విండోస్ పునఃప్రతిష్ఠ: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానానికి కూర్చునే ముందు ఒట్టు పెట్టుకున్నాడు, మూలంలో ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కర్లేని మాట చెప్పననీ. కాళిదాసు కావ్యం ఎదురుగా ఉంది గనక ఆయనకు చెల్లింది. మనం తలపెట్టిన కార్యానికి పోయిందే మూలం. కాబట్టి రెండో ఒట్టు కూడా పెట్టుకోవడం లేదు.

ఈ ఆటవెలది తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో కంప్యూటర్ రిపేరు కొట్ల బల్లల మీద పుట్టి ఉండాలి. కర్త పేరు లేదు. తన విండోస్ ఒరిజినల్ కాదని బయటపడుతుందేమోనని దాచుకున్నాడని మా అభిప్రాయం.

మూలం

మూల డిస్కు లేదు మూడేండ్లుగా నది
పాదు నెక్కి పిట్టఁ బారఁదోలుఁ
బెన్ను డ్రైవు తెచ్చి పీసీకిఁ దగిలించి
యెఫ్ఫు నొక్కి లేపు మిట్టె సుబ్బ!

టీక

సుబ్బ = ఓ సుబ్బారావా!; మూల డిస్కు = కంప్యూటర్ కొన్ననాడు పెట్టెలో వచ్చిన విండోస్ సీడీ; లేదు = బీరువాలో లేదు, అటక మీద లేదు, అమ్మ పట్టుచీరల మడతల్లోనూ లేదు; అది = ఆ డిస్కు; మూడేండ్లుగా = మూడు సంవత్సరాలుగా; పాదున్ ఎక్కి = దొడ్లో చిక్కుడు పాదు పందిరికెక్కి (దారానికి వేలాడుతూ అని చెప్పుకోవాలి); పిట్టన్ = కాయ మీద వాలబోయే పిట్టను; పారఁదోలున్ = తళతళలతో తరిమికొట్టును; పెన్ను డ్రైవు = కనీసం 8 జీబీది; తెచ్చి = బావమరిదిని అడిగి తెచ్చి; పీసీకిన్ = ప్రాణం పోయిన సిస్టమ్‌కు; తగిలించి = గుచ్చి; ఎఫ్ఫు నొక్కి = కీబోర్డు పైవరస మీట నొక్కి; ఇట్టె = అరగంటలో (అని కవి హృదయం), పొద్దుగూకేదాకా (అని లోకానుభవం); లేపుము = లేపవలసినది.

తాత్పర్యం

సుబ్బారావూ, సీడీ కోసం ఇల్లు తవ్వకు. పెన్‌డ్రైవ్‌తో పని జరుగుతుంది.

విశేషాలు

“పాదు నెక్కి”: డిస్కుకు పట్టిన గతి చూసి కవి జాలిపడలేదు. సబబే. 2001 అక్టోబరు 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఒక్క సీడీలో ఇమిడింది. విండోస్ 7 నాటికి డీవీడీ కావలసి వచ్చింది. ఆ తర్వాత ల్యాప్‌టాప్ కంపెనీలు డిస్కులివ్వడం మానేసి, హార్డ్‌డిస్కులోనే రికవరీ అని చిన్న అర కట్టి అందులో దాచాయి. ఇవాళ్టి ల్యాప్‌టాప్‌కు డిస్కు దొరికినా పెట్టడానికి నోరు లేదు.

“తెచ్చి”: ఇక్కడొక ప్రమాదం దాగుంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని పెన్‌డ్రైవ్‌ను సిద్ధం చేసేటప్పుడు, అందులో అంతకు ముందున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అరువు పెన్‌డ్రైవ్‌లో బావమరిది పెళ్ళి వీడియో ఉంటే బంధుత్వం మీదికొస్తుంది. సిస్టమ్ అసలంటూ లేస్తూ ఉంటే పెన్‌డ్రైవే అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో రీసెట్ నొక్కితే, 2020 నుంచి క్లౌడ్ డౌన్‌లోడ్ అనే వెసులుబాటు కూడా ఉంది. 4 జీబీకి పైగా డేటా తాగుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టేవాళ్ళు ఆ రోజు ప్యాకు చూసుకుని మరీ దిగాలి.

“ఎఫ్ఫు నొక్కి”: ఏ ఎఫ్ఫు? ఉన్నవి పన్నెండు. డెల్, లెనోవోలకు బూట్ మెనూ సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీకి ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌కు ఎస్కేప్, అది అసలు ఎఫ్ఫే కాదు. కవి అంకె మింగడానికి కారణం ఛందస్సు. ఆటవెలది నాలుగో పాదంలో ఐదూ సూర్యగణాలే, రెండు గురువులు పక్కపక్కన పడే వీల్లేదు. “పన్నెండు” అనగానే రెండు గురువులు వరసన వచ్చి కూర్చుంటాయి. గణభంగం కన్నా సిస్టమ్ భంగమే మేలనుకున్నాడు మహానుభావుడు.

ఆక్షేపం: ప్రొడక్ట్ కీ మాట కవి ఎత్తలేదేమి? సమాధానం: ఎత్తనక్కర్లేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తోనే అమ్మిన కంపెనీ మెషీన్లకు ఆ 25 అక్షరాల కీ మదర్‌బోర్డు మీది చిప్‌లోనే రాసి ఉంటుంది. ఎక్కించేటప్పుడు అదే చదువుకుంటుంది. విండోస్ 10 వచ్చాక, ఒకసారి యాక్టివేట్ అయిన మెషీన్‌ను మైక్రోసాఫ్ట్ సర్వరే గుర్తుపెట్టుకుంటోంది. “నా దగ్గర కీ లేదు” అని నిజం ఒప్పుకుని ముందుకు పోవచ్చు. అయితే హోమ్ ఉన్నచోట హోమే వేయాలి, ప్రో మీద ఆశపడకూడదు. మదర్‌బోర్డు మారిస్తే మాత్రం కథ మొదటికొస్తుంది. కీ దొరక్కపోతే క్రాక్ వేయవచ్చునని కొందరు వ్యాఖ్యాతలు. వేసే ముందు యాంటీవైరస్ ఆపమని ఆ క్రాకే అడుగుతుంది. తాళం పోయిందని దొంగనే కాపలా పెట్టుకోవడం ఇది. ఆ పక్షం త్యాజ్యం.

పాఠాంతరాలు

బాపట్ల ప్రతిలో “పెన్ను డ్రైవు” అన్నచోట ఉబుంటు పెన్‌డ్రైవ్ అని అర్థం చెబుతారు. 1981 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న ఊరు, కుర్రాళ్ళకు ఆ తెలివి ఉంది. “ట్రై ఉబుంటు” నొక్కితే, హార్డ్‌డిస్కులో ఏదీ ఎక్కించకుండానే తెర వెలుగుతుంది. విండోస్ లేవకపోయినా, డ్రైవ్‌కు బిట్‌లాకర్ తాళం లేకపోతే లోపలి ఫైళ్ళు కనబడతాయి, బయటికి లాక్కోవచ్చు. మా దృష్టిలో ఇదే ఉత్తమ పాఠం.

రేపల్లె ప్రతిలో “పీసీకిఁ దగిలించి” ముందు “పీసీని సంచిలో పెట్టి తెనాలి బండెక్కించి” అని అదనంగా ఉంది. గణాలు కుదరవు గనక ప్రక్షిప్తం, జరిగే పని గనక ప్రమాణం. ఆ బండి భట్టిప్రోలు మీదుగా పోతుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో ధాతు కరండాలు వెలికితీస్తే, వాటి మీది అక్షరాలను బ్యూలర్ పండితుడు చదివాడు. ఆయనకు ఎవరూ కీ ఇవ్వలేదు.

ఇక తెనాలి పాఠం. అలంకారం శ్లేష. “లేపుము” అంటే నిద్రలేపు అని ఒక అర్థం, తుడిచిపెట్టు అని మరొకటి. ఈ రెండో అర్థం శుభలేఖలు వేసే డీటీపీ కొట్లలో బాగా తెలుసు. మెకానిక్ కుర్రాడు ఫార్మాట్ కొట్టే ముందు అడుగుతాడు: “సీలో ఏమన్నా ఉన్నాయా అన్నా?”

“ఏం లేవురా. ఉన్నవన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టా.”

డెస్క్‌టాప్ అనేది సీ డ్రైవ్‌లోదే. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ కూడా అందులోవే. అను ఫాంట్లున్న ఫోల్డరూ అక్కడిదే. విండోస్ అరగంటలో వస్తుంది, పీటల మీద పెళ్ళి ఉన్న శుభలేఖ ఫైలు రాదు. వచ్చినా, అను ఫాంట్లు లేనిచోట తెరిస్తే వరుడి పేరు ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనబడుతుంది. ఫార్మాట్ కొట్టకుండా పాతదాని మీదే ఎక్కించి ఉంటే విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్లో పాతవి కొన్నాళ్ళుంటాయి, మామూలుగా పది రోజులు. ఫార్మాట్ కొట్టాక ఆ గడువూ లేదు.

అందుచేత పద్యానికి మూలం డిస్కు అన్న ప్రాచీన వ్యాఖ్యాతల మతం మాకు సమ్మతం కాదు. డిస్కు మైక్రోసాఫ్ట్ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. పాఠకులు చేయవలసింది ఒకటే: సుబ్బారావు ఎఫ్ఫు మీద వేలు పెట్టక ముందే డెస్క్‌టాప్ మీద ఉన్నదంతా, ఫాంట్లతో సహా, మరో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. విండోస్ ఎక్కించబోయే దాంట్లోకి మాత్రం కాదు.