ఇల్లరికం వచ్చిన గీతలు

ఎవరో ఎక్కడో గీసిన డ్రాయింగులోని గీతల్ని మన మ్యాపు సాఫ్ట్‌వేరులోకి తెచ్చుకోవడాన్ని ఇంపోర్ట్ అంటారు. బటన్ మీద ఆ ఒక్క మాటే ఉంటుంది కాబట్టి, ఇదేదో లారీలోంచి బస్తా దింపుకోవడం లాంటి పనేనని అందరూ అనుకుంటారు. నన్నడిగితే ఇది ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకోవడం. మనిషి చూడ్డానికి చక్కగానే ఉంటాడు, వంక పెట్టడానికేం ఉండదు. వారం తిరిగేసరికి ఆయన అడుగుల్లో మాట్లాడుతున్నాడనీ, మనం మీటర్లలో వింటున్నామనీ బయటపడుతుంది. పిలవని చుట్టాలు పాతికమంది వెంట దిగి ఉంటారు. సొంతూరేదయ్యా అంటే నోరు విప్పడు. అప్పుడిక ఇంటిల్లిపాదీ కలిసి పెళ్లిళ్ల పేరయ్యను తిట్టడం మొదలుపెడతారు. ఇక్కడ పేరయ్య అంటే సాఫ్ట్‌వేరు. పేరయ్య తప్పు ఇందులో పావలా వంతుకు మించి లేదని నా వాదన. ఫైలు గీతల్ని మోసుకొస్తుందేగాని గీసినవాడి మనసులో మాటను మోసుకురాదు. ఆ మాట అడగకుండా ఓకే నొక్కినవాడిదే మిగతా ముప్పావలా.

ఇది దగ్గర్నుంచి చూస్తేగాని నమ్మబుద్ధి కాదు. ఆటోక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేరు 1982లో వచ్చినప్పుడే, తన సొంత డీడబ్ల్యూజీ ఫైలు పక్కన, ఇతరులు చదువుకోవడానికి వీలుగా డీఎక్స్‌ఎఫ్ అనే మరో రకాన్నీ వెంట తెచ్చింది. డీఎక్స్‌ఎఫ్ మామూలుగా ఉత్త అక్షరాలే, నోట్‌ప్యాడులో తెరుచుకుంటుంది. ఒక వరసలో 0, దాని కింద లైన్ అని ఉంటుంది. తర్వాత 8, దాని కింద లేయరు పేరు. 10 కింద మొదటి కొస ఎక్స్, 20 కింద వై. 11, 21 కింద రెండో కొస. అంతే, గీత జాతకం పూర్తయింది. మొదటి కొస సున్నా దగ్గరుండి, 11 కింద 60 అని ఉందనుకోండి. అరవై ఏమిటి? అడుగులా, మీటర్లా, మూరలా? ఆ వరసలో సమాధానం లేదు. ఆ గీత రోడ్డా, గోడా, సరిహద్దా, లేక టీ తాగుతూ ఎవరైనా పొరపాటున లాగిందా? అదీ లేదు.

ఇక్కడ తెలిసినవాళ్లు అడ్డుపడతారు. ఫైలు మొదట్లోనే యూనిట్ల అంకె ఉంటుంది కదండీ, 1 అంటే అంగుళాలు, 2 అంటే అడుగులు, 4 అంటే మిల్లీమీటర్లు, 6 అంటే మీటర్లు, సాఫ్ట్‌వేరు దాన్ని చదువుకోగలదు కదా అని. చదువుకోగలదు. కాని ఆ అంకె వేసిందెవరు? ఆటోక్యాడ్‌తో వచ్చే ఖాళీ టెంప్లేట్లలో ఒకదానిలో అంగుళాలనీ, మరోదానిలో మిల్లీమీటర్లనీ ముందే రాసి ఉంటుంది. మన డ్రాఫ్ట్స్‌మన్ ఏది ముందు తెరుచుకుంటే అందులో కూర్చుని, తన మనసులో ఒకటంటే ఒక అడుగు అనుకుని, పొద్దుపోయేదాకా లేఔటు గీసి పంపిస్తాడు. ఆ అంకెను మార్చాలని అతనికి తోచదు, మార్చకపోయినా అతని ప్రింటు బాగానే వస్తుంది. కాబట్టి అది మన పెద్దవాళ్ల సర్టిఫికెట్లలో పుట్టినరోజు లాంటిది. బళ్లో చేర్చిన రోజున మేష్టారు వేసిన జులై ఒకటో తారీఖు అది, దాన్ని పట్టుకుని జాతకం రాయించకూడదు. సున్నా వేసి ఉంటే అసలు యూనిట్టే లేదని అర్థం. ఆ ఒక్క సందర్భంలోనే ఫైలు నిజాయితీగా మాట్లాడినట్టు.

అడుగుల్లో గీసింది మీటర్లుగా దిగితే ఏమవుతుందో లెక్క చూడండి. అరవై బై నలభై ప్లాటు మన లెక్కలో 267 గజాలు. అదే 60 మీటర్లు, 40 మీటర్లు అనుకుంటే 2,870 గజాలు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పదింతలకు పైగా పెరిగే స్థలం ఇంకెక్కడా దొరకదు. రియల్ ఎస్టేట్ వాళ్ల కంట ఇంతవరకూ ఎందుకు పడలేదో తెలియదు.

కొలత కుదిరినా చోటు కుదరాలి. టోటల్ స్టేషన్ అనే కొలత యంత్రం పెట్టిన సర్వేయరు చేతిలో అసలు అక్షాంశ రేఖాంశాలు లేకపోతే, మొదటి రాయి దగ్గర ఎక్స్ 5000, వై 5000 అనుకుని పని మొదలుపెడతాడు. అందులో తప్పేమీ లేదు, ఊరి లోపల కొలతలన్నీ నిక్కచ్చిగా వస్తాయి. కాని యూటీఎం అనే ప్రపంచ పటపు లెక్కలో తెలుగు రాష్ట్రాల్లో చాలా భాగం ఉండే 44వ జోనులో ఆ అంకెల్ని ఉన్నవున్నట్టు దింపితే, మన ఊరి పంచాయతీ ఆఫీసు మాల్దీవులకు తూర్పున, భూమధ్యరేఖ మీద దాదాపు ఆనుకుని, హిందూ మహాసముద్రంలో తేలుతుంది. హైదరాబాదుకు ఆ జోనులో ఎక్స్ సుమారు 2 లక్షల 30 వేలు, వై సుమారు 19 లక్షల 20 వేలు ఉండాలి. సర్వేయర్లలో కొందరికి ఉత్తరం అంకె ముందు రాసే అలవాటుంది. ఆ రెండూ తారుమారైతే చార్మినార్ సుమత్రాకు పడమర మునుగుతుంది. అదృష్టం ఏమిటంటే ఇవి కంటికి కనపడే తప్పులు, ఎవరూ సముద్రంలో పట్టా ఇవ్వరు. భూమి ఆకారానికి పాతకాలపు నమూనా అయిన ఎవరెస్ట్ దీర్ఘగోళం మీద లెక్కగట్టిన పాత అంకెల్ని నేటి జీపీఎస్ లెక్కలోకి మార్చకుండా దింపితే మాత్రం ఊరు ఊళ్లోనే ఉంటుంది, వంద మీటర్లకు మించి పక్కకు జరుగుతుంది, అంతే. నాకు భయం వేసేది దీనికే. పక్కింటి పెరట్లో పడ్డ తప్పు సముద్రంలో పడ్డ తప్పుకంటే ఖరీదైనది.

ఇంత రామాయణం దేనికి, రెండు మూలలు పట్టుకుని శాటిలైట్ ఫొటో మీద కూర్చోబెడితే సరిపోదా అంటారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను, ఎందుకంటే కూర్చోబెట్టే ఆ పనిలోనే అసలు సాక్ష్యం దొరుకుతుంది. రెండు మూలలు కలిపినప్పుడు సాఫ్ట్‌వేరు ఒక నిష్పత్తి లెక్కగడుతుంది, గీతను ఎంత పెంచాను, ఎంత తగ్గించాను అని. అది 1 వస్తే గీసింది మీటర్లలో. 0.3048 వస్తే అడుగుల్లో. 0.2012 వస్తే నమస్కారం పెట్టండి, ఎవరో పొలం కొలతల పుస్తకం, అంటే పాత ఎఫ్‌ఎంబీ చూసి గొలుసు లింకుల్లోనే గీశారు. అరవయ్యారు అడుగుల గొలుసుకు నూరు లింకులు, లింకు 7.92 అంగుళాలు. అంగుళానికి అయిదు గొలుసుల లెక్కన గీసిన గ్రామ పటాలు 1:3960 స్కేలులో ఉండేది అందుకే. ఆ మూడు అంకెలూ కాక 1.013 లాంటిది వస్తే మాత్రం ఆగాలి. కాగితం తడిసి సాగిందో, ముడుచుకుందో, మనం పట్టుకున్న మూల అసలు మూల కాదో, ఏదో ఒకటి జరిగింది. అక్కడ ఆగకుండా ఇంకో నాలుగు మూలలు పట్టుకుని రబ్బరులా సాగదీస్తే గీతలు ఫొటో మీద ముచ్చటగా అతుక్కుంటాయి. తప్పు మాత్రం పోదు, ఊరందరికీ తలా కాస్త ప్రసాదంలా పంచిపెట్టబడుతుంది.

ఇక వెంట వచ్చిన చుట్టాల సంగతి. బొమ్మకు గీతలు కలిసినట్టు కనిపిస్తే చాలు, మ్యాపుకు నిజంగా కలవాలి. ప్లాటు నాలుగో మూలలో వెంట్రుకవాసి సందున్నా ఆ ప్లాటుకు విస్తీర్ణం రాదు. కంచెలో సందు మేకకు దొరికినట్టు సాఫ్ట్‌వేరుకు అది ఇట్టే దొరుకుతుంది. వంపులకు ఇంకో తంటా. ఆటోక్యాడ్‌లో వృత్తమంటే కేంద్రం, వ్యాసార్థం. మ్యాపు సాఫ్ట్‌వేరులో వాడే షేప్‌ఫైలుకు వంపు తెలియదు, ముక్కలు ముక్కలుగా తిన్నని గీతలే వేసుకుంటుంది. ముప్పై అడుగుల వ్యాసార్థమున్న వృత్తాన్ని 36 ముక్కలు చేస్తే ఒకటిన్నర గజం మాయమవుతుంది. ఒకటిన్నర గజానికి ముఖాలు చూసుకోవడం మానేసిన అన్నదమ్ములు లేని ఊరు మనకుందా? అక్షరాల గతి మరీ అన్యాయం. యూనికోడ్ రాకముందటి తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పేర్లు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాల చెత్తగా కనిపిస్తాయి. చెత్తే కదా అని ఎవరో ఊడ్చేస్తారు. ఆ చెత్త తెలుగులో శ్మశానం అని తర్వాత తెలుస్తుంది, అప్పటికి అక్కడ కార్నర్ ప్లాటు వచ్చి ఉంటుంది.

అయితే ఈ గీతలు మాకొద్దు, మొదట్నుంచి మేమే గీసుకుంటాం అనేవాళ్లూ ఉన్నారు. పౌరుషం బాగుంది గాని ఫొటో మీద మౌసుతో గీసిన గీత, నేల మీద టోటల్ స్టేషన్ కొలిచిన గీత ముందు నిలవదు. వచ్చిన అల్లుడు యోగ్యుడే, గోత్రం అడగకపోవడమే మన లోపం. అందరూ ఒకే పద్ధతి పాటిస్తే ఈ గొడవ ఉండదనేది ఇంకో మాట. లేయర్ల పేర్లకు ఐఎస్ఓ 13567 అనే అంతర్జాతీయ ప్రమాణం ఎన్నో ఏళ్లుగా ఉంది. అయినా వచ్చే ఫైళ్లలో లేయరు పేర్లు 'కొత్తది', 'కొత్తది ఫైనల్', 'సార్ చెప్పింది' అనే ఉంటాయి. ప్రమాణాలు కట్టుదిట్టంగా ఉన్న అమెరికా తక్కువ తిన్నదేం కాదు. అక్కడ అడుగులే రెండు రకాలు, తేడా పది లక్షల్లో రెండు వంతులు. కొన్ని రాష్ట్రాల్లో జోను నడిమి రేఖ దగ్గర ఎక్స్ అంకె ఇరవై లక్షల అడుగులు ఉంటుంది కాబట్టి, రకం తారుమారైతే కరెంటు స్తంభం నాలుగడుగులు నడుస్తుంది. 2022 చివరితో సర్వే అడుగును సాగనంపారు గాని, దానితో గీసిన డ్రాయింగులు ఎక్కడికీ పోలేదు. హైదరాబాదులో కూర్చుని కంప్యూటరులో ఆ స్తంభాలు పాతే మన పిల్లలు అడుగు వేసేముందు ఏ అడుగో అడగాల్సిందే.

కనుక డ్రాయింగు పంపేవారికి విన్నపం. కింద మూలలో నాలుగు ముక్కలు రాయండి: ఏ యూనిట్లో గీశారు, ఏ జోను, మొదటి రాయి ఎక్కడుంది, మీ ఫోన్ నంబరు. చోటు లేకపోతే మొదటి మూడూ వదిలేయండి. ఫోన్ మాత్రం ఎత్తండి.