సంతకమునకు జంకు శౌర్యము

దేశమును కాపాడు భారము ఎవరిదని అడిగినచో, సరిహద్దున మంచులో నిలిచిన జవానుదని బాలురు చెప్పుదురు. సర్వసేనాధిపత్యము రాష్ట్రపతియందున్నదని రాజ్యాంగము చెప్పును. కాని 1961లో భారత ప్రభుత్వము తన శాఖలకు పనులు పంచుకొను నియమములను వ్రాసికొన్నప్పుడు, భారతదేశమును, అందలి ప్రతి భాగమును రక్షించుట అను మహత్కార్యమును రక్షణశాఖ పట్టికలో మొదటి పద్దుగా చేర్చి, అదే పట్టికలో కొంత దిగువను సైనికుల క్యాంటీను దుకాణములను, సైనికుల పాడిక్షేత్రములను కూడ చేర్చినది. ఆ విధముగా హిమాలయములును ఆవుపాలును ఒకే కలము క్రిందికి వచ్చినవి. ఆ కలమునకు పైన కూర్చుండువాడు రక్షణమంత్రి. ఆయన పని యుద్ధము చేయుట కాదు, సంతకము చేయుట. ఈ రెంటిలో యుద్ధమే సులభతరమని ఆ పీఠమెక్కినవారి చరిత్ర చదివినవానికి తోచక మానదు.

ఈ పీఠమునకు పూర్వజన్మ యొకటి కలదు. దొరల కాలమున వైస్రాయి సభలో సైనిక సభ్యుడను నొక యధికారి యుండెడివాడు. సేనాధిపతి తుపాకి కోరినను, కంబళి కోరినను, ఈతడు తన యభిప్రాయము వ్రాసినగాని కాగితము కదలెడిది కాదు. సూడానును జయించి, 1902లో సేనాధిపతియై వచ్చిన కిచెనరు దొరకు, తన ప్రతిపాదనలపై తనకంటె తక్కువ హోదాగల సైనికుడొకడు వ్యాఖ్యానము వ్రాయుట ప్రాణాంతకమయ్యెను. ఆ సభ్యుని పక్షమున పోరాడిన కర్జను ప్రభువు 1905లో వైస్రాయి పదవినే వదలుకొనెను. వంగరాష్ట్రమును రెండుగా చీల్చి, అందలి ప్రజలను అగ్నివలె మండించిన యా మహానుభావుడు, ఆ మంటలకు గాక, కాగితముపై ఎవరు వ్రాయవలెనను తగవునకు పడిపోయెనన్నచో, మన సచివాలయముల మహిమ ఎంత ప్రాచీనమో గ్రహింపవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బలదేవ్ సింగు గారు మొదటి రక్షణమంత్రియైరి. 1948లో కాశ్మీరున పోరు సాగుచుండగా, లండనులో హైకమిషనరుగా నున్న కృష్ణ మీనన్ గారు నియమములను ప్రక్కకు నెట్టి, వాడిన జీపులను బాగుచేయించి పంపుమని యొక కంపెనీతో ఒప్పందము చేసికొనిరి. రావలసినవి 2000, వచ్చినవి 155, వచ్చినవియు పనికిరానివి. 1955లో ఆ వ్యవహారము ముగిసినదని హోంమంత్రి పంతు గారు ప్రకటించిరి. 1956లో మీనన్ గారు కేంద్రమంత్రియైరి. 1957లో, భద్రతామండలిలో కాశ్మీరును గూర్చి ఇంచుమించు ఎనిమిది గంటలు ప్రసంగించి వచ్చిన కొలది నెలలకే, రక్షణమంత్రియైరి. జీపులు కదలలేదు గాని, వానిని కొన్నవారు మాత్రము రక్షణశాఖ కొలువుండిన సౌత్ బ్లాకునకు నిరాటంకముగా చేరుకొనిరి! న్యాయము చెప్పవలెనన్న, ఆయుధములు మనమే చేసికొనవలెనను తపన ఆయనకున్నంత మరి యెవరికి నుండలేదు. రక్షణ పరిశోధన సంస్థ 1958లో పుట్టినది ఆయన హయాముననే. అయినను సేనాధిపతి తిమ్మయ్య గారితో కలహించి, 1959లో ఆయనచే రాజీనామా వ్రాయించి, నెహ్రూ గారిచే మాన్పించుకొనిన మీనన్ గారు 1962లో చీనాసేన ముందు నిరుత్తరులైరి. ఎనిమిది గంటల వాక్ప్రవాహము హిమాలయములపై నొక్క ఘడియయు నిలువలేదు.

అటుపిమ్మట సంతకమునకు అసలు భయము పుట్టించినది స్వీడనువారి బోఫోర్సు ఫిరంగి. 1986 మార్చిలో 410 ఫిరంగులకు, 1437 కోట్ల రూపాయలకు ఒప్పందము కుదిరినప్పుడు రక్షణశాఖ ప్రధాని రాజీవ్ గాంధీ గారి చేతిలోనే యుండెను. మరుసటి యేట ఏప్రిలున స్వీడను రేడియో ముడుపుల మాట బయటపెట్టెను. అదే నెలలో, జనవరిలోనే రక్షణమంత్రిగా వచ్చిన వి.పి. సింగు గారు జలాంతర్గాముల కొనుగోలుపై విచారణకు ఆజ్ఞాపించి, పదవి వీడి, కడకు ఆ ప్రధాని పీఠమునే యెక్కిరి. తరువాతివారు నేర్చిన పాఠ మొక్కటే: కొన్నవాడు ఓడును, కొనుటను ప్రశ్నించినవాడు గెలుచును. 1999లో కార్గిల్ శిఖరములపై శత్రువును కూల్చినవి ఆ ఫిరంగులే యైనను పాఠము మారలేదు. మూడు దశాబ్దముల వఱకు సైన్యమునకు క్రొత్త పెద్ద ఫిరంగి రాలేదు. అంతకంటె విచిత్రము, ఆ ఫిరంగిని మనమే చేసికొనుటకు వలయు నక్షాలు ఒప్పందముతోపాటే వచ్చి యుండెను. వాని యాధారముతో పుట్టిన ధనుష్ ఫిరంగి సైన్యమున చేరినది 2019లో!

మన తెలుగువారు పి.వి. నరసింహారావు గారు 1993 నుండి 1996 వఱకు ప్రధానిత్వముతోపాటు ఈ శాఖను తమయొద్దనే యుంచుకొనిరి. మౌనమున కంతటి నిలయము మరియొకటి యెక్కడ దొరకును?

రక్షణమంత్రులలో జార్జి ఫెర్నాండెజు గారొక్కరే కాగితముపై ప్రతీకారము తీర్చుకొన్నారు. సియాచిన్‌లో సైనికులు కోరిన మంచుబండ్ల కొనుగోలును సాగదీసిన యధికారులను, ఆ మంచు ఎట్లుండునో చూచి రండని సియాచిన్‌కే పంపిరి. అయితే 2001 మార్చిలో టెహెల్కా వార్తాసంస్థవారి రహస్య కెమెరా బయటపెట్టిన దృశ్యములకు ఆయనయు పదవి వీడి, అక్టోబరులో మరల వచ్చిరి.

ఏ.కె. ఆంటోనీ గారు 2006 నుండి 2014 వఱకు అవిచ్ఛిన్నముగా, అంతకుముందెవ్వరికంటెను దీర్ఘకాలము, ఈ శాఖను పాలించిరి. చేతికి మరక అంటనీయని ధర్మాత్ములు. మరక అంటక యుండుటకు సిరాను ముట్టకుండుటకంటె నుత్తమోపాయము లేదు గదా! 126 యుద్ధవిమానములకు 2007లో టెండరు పిలిచిరి. ఆరు జాతుల విమానములను బెంగుళూరులోను, జైసల్మేరు ఎండలోను, లేహ్ చలిలోను ఎగురవేసి చూచిరి. 2012లో ఫ్రాన్సువారి రఫేల్ నెగ్గినదనిరి. ఆపై బేరము సాగుచునే యుండగా ఆయన పదవీకాలము ముగిసెను. 2015లో ప్రధాని మోదీ గారు పారిస్‌లో 36 చాలునని ప్రకటించిరి. మరుసటి యేట రక్షణమంత్రి పారికర్ గారు సంతకము చేసిరి. ధర యెంతయని దేశమంతయు కలహించెను.

2019 అక్టోబరులో విజయదశమినాడు మొదటి విమానమును స్వీకరించుటకు నాటి రక్షణమంత్రి రాజనాథ్ సింగు గారు ఫ్రాన్సు వెళ్ళి, దానిపై ఓంకారము వ్రాసి, టెంకాయ నుంచి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించిరి. ఆ నిమ్మకాయలకు టెండరు లేదు, దళారి లేడు, జైసల్మేరులో పరీక్ష లేదు. కోరిన నాటికి, కోరినన్ని వచ్చి చేరినవి. వానిని చూచి నవ్వినవారు అనేకులున్నను, ధర యెంతయని మాత్రము ఎవ్వరును అడుగలేదు.