ఎడమ బూటు గోడు

మమ్మల్ని అందరూ జత అంటారు, కవలలమనే అనుకుంటారు. నిజానికి నాది ఒక గేదె తోలు, కుడిదానిది ఇంకో గేదె తోలు. ఖరీదైన బూట్లకైతే ఒకే తోలులో పక్కపక్క ముక్కలు చూసి కోసి జత కలుపుతారు. మా ధరలో అంత తీరిక ఎవరికుంది? అంగుళం వృథా కాకుండా అచ్చు దించుకుంటూ పోతారు. నేను పొట్ట వైపు మెత్తని ముక్క, కుడిది వీపు మీద గట్టి ముక్క. పైన కొట్టిన చెర్రీ రంగు మమ్మల్ని ఒక్కటి చేసింది. ఆ రంగు ఉన్నన్నాళ్ళే మా కవలతనం.

నా పూర్వజన్మ తెనాలి పక్క కాలవగట్ల మీద గడిచింది. తుమ్మముళ్ళు గీరిన గీతలు, పిడుదులు కుట్టిన గుంటలు, తోటి గేదెల కొమ్ముపోట్లు అన్నీ ఒంటి మీద మోసుకుని, ఉప్పు పట్టించిన పచ్చితోలుగా చెన్నై పెరియమేడు చేరాను. తోళ్ళ వ్యాపారానికి పాత పేట అది. అక్కడ చేతులు మారి రాణిపేట టానరీకి లారీ ఎక్కాను. మా ముత్తాతల కాలంలో తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్ళలో తోలు వారాల తరబడి నానేదట. తర్వాత క్రోమియం ఉప్పు వచ్చి ఆ పనిని ఒకటి రెండు రోజులకు కుదించింది. చెన్నైకి దక్షిణాన ఉన్న క్రోంపేటకు ఆ పేరు పెట్టిపోయింది కూడా ఒక క్రోమ్ తోలు ఫ్యాక్టరీయే. క్రోమియం పట్టిన తోలు లేత నీలంగా బయటికొస్తుంది. నా లోపల ఇప్పటికీ ఆ నీలమే ఉంది. అదే నా చిక్కు.

రంగు లోపలిదాకా దిగాలంటే ముందు తోలులోని ఆమ్లాన్ని బాగా విరవాలి. డ్రమ్ము ఓపిగ్గా తిరగాలి. రంగు దిగాక ఫార్మిక్ ఆసిడ్ పోసి దాన్ని పట్టి నిలపాలి, మిగిలిందాన్ని కడిగెయ్యాలి. నా బ్యాచికి తొందరెక్కువ. ఆమ్లం విరగని తోలు రంగును పైపైనే పట్టేసుకుంటుంది. చూడ్డానికి నిండుగా ఉంటుంది, కోస్తే నడుమ బూడిద నీలం చార. కడుగుడు కూడా అంతంతమాత్రమే కావడంతో పట్టని రంగు కొంత నాలోనే ఉండిపోయింది.

డ్రమ్ముల్లోంచి పోయిన నీళ్ళది ఇంకో కథ. పాలారు నది పాడైపోతోందని వెల్లూరు పౌరుల సంఘం కోర్టుకెక్కితే, 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా వేసింది. మురుగునీటి శుద్ధి తప్పదంది. మంచి తీర్పే. ఆ ఖర్చు తోలు ధరలో కలిసింది. ధర తగ్గించాలనుకునేవాడి చెయ్యి మాత్రం ముందు రంగు మీద, టైము మీద పడుతుంది.

ఎండాక నన్ను ఇసక కాగితం రోలరు కింద పెట్టి గీతలూ గుంటలూ గీకేశారు. దాంతో నా సొంత పైపొరా పోయింది. దాని బదులు రంగుపొడి కలిపిన యాక్రిలిక్ పూత, దాని మీద వేడి ప్లేటుతో నొక్కిన దొంగ గ్రెయిన్, ఆపైన మెరుపు లాకర్. ఇందులో మోసమేమీ లేదు, మచ్చల తోలుకు అది మామూలు వైద్యమే. పల్చగా, సాగేలా వేస్తే పూత ఏళ్ళు నిలుస్తుంది. నాకు మందంగా, బిరుసుగా వేశారు. చాలదన్నట్టు బూటు తయారయ్యాక ముక్కు మీద, మడమ మీద ముదురు రంగు స్ప్రే కొట్టారు. ఖరీదైన బూట్లకు చేత్తో మైనం రుద్ది రుద్ది తెప్పించే ఛాయ అది. నాకు క్షణాల్లో వచ్చేసింది. నన్నడిగితే మా ధరకు నిక్కచ్చిగా నలుపు వేసి ఊరుకోవాలి. పైన పటారం, లోన లొటారం ఎందుకు?

నన్ను కొన్నది మా తెనాలి కుర్రాడే, ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చెన్నై ఉక్కకి పట్టిన చెమట లోపలి అస్తరు తడిపి, నాలో మిగిలిపోయిన రంగును తోడుకుంది. సాక్సులో వేళ్ళు ఎర్రబడ్డాయి. వీడియో కాల్లో వాళ్ళమ్మ చూసి, "పారాణి పెట్టించుకున్నావేంట్రా, చెప్పకుండా పెళ్ళి చేసుకున్నావా?" అంది.

వేళ్ళ దగ్గర మడత పడే చోట నా పూత సన్నగా చిట్లి, తర్వాత పొలుసులు లేచింది. కుడిది మడతే పడలేదు, దాని వీపు గట్టిది కదా.

అడయారు మీదుగా బస్సులో పోతుంటే కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ కనబడుతుంది. 1948లో పెట్టారు. తడి, పొడి గుడ్డలతో రుద్ది రంగు అంటుతోందా, మడిచి మడిచి పూత చిట్లుతోందా అని చూసే పరీక్షలు అలాంటి చోట్ల చేస్తారు. 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరు యలవర్తి నాయుడమ్మ గారు, తెనాలి దగ్గరి యలవర్రు ఆయనది. మావాడికి ఈ సంగతి తెలీదు, ఫోన్లో రీల్స్ చూసుకుంటాడు. చెప్పడానికి నాకేమో నోరు లేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి మావాడి వేళచ్చేరి గదిలోకి నీళ్ళొచ్చాయి. మంచం కింద ఇద్దరం మునిగాం. తుపాను మాత్రం తర్వాత బాపట్ల దగ్గర, అంటే మా ఊళ్ళ వైపే తీరం దాటింది. మావాడు మమ్మల్ని ఎండలో పెట్టాడు. ఆరుతుంటే లోపలి ఉప్పు పూత చిట్లిన చోటల్లా పైకొచ్చి తెల్లగా గడ్డకట్టింది. కుడిదాని పూత చిట్లలేదు గనక దాని మీద ఒకట్రెండు చారలే.

స్టేషన్ మెట్ల దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర కూర్చున్నాం. మావాడు తమిళంలో తడబడుతుంటే ఆయన నవ్వాడు. "తెలుగోళ్ళా సార్? మా ఇంట్లో తెలుగే." దూదికి థిన్నర్ అద్ది నా ముక్కు మీద ఒక్క తుడుపు తుడిచాడు. దూది ఎర్రనైంది, నా ముక్కు బూడిద నీలమైంది.

"ఇది తోలులో రంగు కాదు సార్, పైన కొట్టింది."

"మళ్ళీ చెర్రీ వెయ్యలేవా అన్నా?"

"నిలవదు సార్. నలుపు పట్టిస్తా, అదైతే తాగుతుంది. కుడిదాని పూత గట్టిగుంది, దాన్ని గీకితే పాడైతుంది. దాని మీదే నల్ల పాలిష్ కొడతా."

పూతంతా తీసేసరికి రోలరుకి అందనంత లోతుగా దిగిన ముళ్ళగీతలు మళ్ళీ కనబడ్డాయి. మావాడు వేలితో తడిమి, "ఇదేంటన్నా, కొత్తగా గీసుకుపోయిందా?" అన్నాడు. "పాతవే సార్, గేదెవి," అని పెద్దాయన బ్రష్షు తీశాడు. ఇప్పుడు నేను మెరవని నలుపు, కుడిది వెలుతురు పడితే ఎర్రగా తళుక్కుమనే నలుపు. సోమవారం మావాడికి క్లయింటు మీటింగు ఉంది, కాళ్ళు టేబుల్ కిందే ఉంచుకుంటాడట.