‘నేనే వంచాను’: టీకా తాత్పర్య సహితము

మూలము: “ఆయ్, ఈ కాడ నేనే వంచానండీ బావగారూ!”

అవతారిక. మా గృహప్రవేశమునాడు నా భార్యకు అన్నగారైన మా బావగారు, కడియపులంకలో రోడ్డు ప్రక్క నర్సరీయందు కొని, గాజుపాత్రలో నీట నిలిపి, నడుమునకు ఎఱ్ఱ రిబ్బను చుట్టించిన, చుట్లు తిరిగిన మూడు కాడల లక్కీ బాంబూను తెచ్చి బల్లపై ప్రతిష్ఠించి, కాఫీ గ్లాసు చేతబట్టి బంధువులందఱును వినునట్లు పై వాక్యము నుచ్చరించెను. నాటినుండి మా గడప త్రొక్కినప్పుడెల్ల ఉచ్చరించుచునే యున్నాడు. అన్నిమార్లు ఆవృత్తియైన వాక్యమునకు వ్యాఖ్య లేకుండుట సాహిత్యమునకు లోటని తలచి పూనుకొంటిని. మూలములేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు కోలాచల మల్లినాథసూరి ప్రతిన పట్టెను. మొదటి నియమము నాకు చెల్లదు. కొనితెచ్చిననాడు ఈ మొక్కకు మూలమే లేదు, ఉన్నది నఱికిన కాడ, వేళ్లు తరువాత మా నీళ్లలో పుట్టినవి. రెండవదానిని తెలిసియే విడుచుచున్నాను.

ఆయ్: ఈ పదమునకు గోదావరివారికి టీక అక్కఱలేదు, తక్కినవారికి చెప్పినను తెలియదు.

ఈ కాడ: ఏ కాడ? వెదురని పేరే కాని ఇది వెదురు కాదు. ఆఫ్రికాలోని కామెరూను ప్రాంతపు అడవిమొక్క; సాండరను ఆంగ్లదేశపు నర్సరీవాని పేరిట శాస్త్రజ్ఞులు దీనిని డ్రసీనా సాండరియానా యనిరి; డ్రసీనా యనగా యవనభాషలో ఆడ మహాసర్పము. కులము విచారింపగా మన పిల్లితేగలకు దాయాది. వెదురన్ననో, అమరసింహుడు దానికి త్వక్సారమని పేరు పెట్టినాడు, సారమంతయు పైతొక్కలోనే యుండుటచేత. తృణధ్వజమనియు అన్నాడు, గడ్డిజాతికెల్ల జెండావంటి దగుటచేత. వెదురు గడ్డియేయని నేటి వృక్షశాస్త్రమును ఒప్పుకొన్నది. కణుపుమీద కణుపుగా పెరుగు దానిని వంశమన్నారు, తాతలనుండి మనుమలదాక దిగివచ్చు పరంపరనును ఆ మాటతోనే పిలిచినారు. ఏజెన్సీ కొండలలో నఱికిన వెదురు తెప్పలుగా కట్టబడి గోదావరిమీద దిగివచ్చెడిది. మేదరివాని చేతిలో ఒక్క బొంగు బద్దలై, బద్దలు చీలికలై, చేటయు, తట్టయు, గంపయు నగును. పూచినదా, పొదకు పొద యెండిపోవును. పోవుచు పోవుచు వెదురుబియ్యము రాల్చి అడవివారి కడుపు నింపి మఱి పోవును. మారేడుమిల్లిలో బొంగునకు కోడిమాంసము కూరి నిప్పులపై కాల్తురు. మా కాడలో ఏలకు గింజయైనను దూఱదు, లోపలంతయు గట్టి. గాలి దూఱి మ్రోయు వెదుళ్లకు కీచకములని అమరమున వేరు పేరున్నది. మా ఇంటి కాడ యెన్నడును మ్రోయలేదు. దానికి మాఱుగా మా బావగారు మ్రోయును. విరాటరాజునకు కీచకుడు వరుసకేమగునో పాఠకులే భారతము తిరుగవేసి చూచుకొందురు గాక.

ఎచటనో యుంటిమి. నేనే: స్పష్టము.

వంచాను: వంగు ధాతువు అకర్మకము, వంచు సకర్మకము. కాడ వంగినదనుట యొకటి, కాడను వంచితిననుట వేఱొకటి. 1880లో డార్విను తన కుమారుడు ఫ్రాన్సిసుతో కలిసి ప్రకటించిన గ్రంథములో, గడ్డిమొలక కొనకు టోపీ తొడిగినచో అది వెలుతురువైపు తిరుగదని చూపెను. 1928లో వెంటు అను డచ్చి పండితుడు, ఓట్ల మొలక కొననుండి క్రిందికి దిగు రసమొకటి కాడను పెంచుచున్నదని నిరూపించెను. ఆ రసము నీడవైపు ఎక్కువగా చేరును. ఆవైపు కణములు సాగును. సాగగా కాడ వెలుతురువైపు ఒఱగును. నర్సరీవాడు చేయునదేమనగా, కుండీని ప్రక్కకు పరుండబెట్టి, మూడు దిక్కులు మూసి, ఒక దిక్కునుండి మాత్రమే వెలుతురు రానిచ్చి, కాడ అటు తల త్రిప్పినంతనే కుండీని రవంత దొర్లించును. అది పాప మటు త్రిప్పును. వీడు మఱల దొర్లించును. ఒక్క చుట్టు పూర్తియగుటకు నెలలు పట్టును. చుట్టుకొక వెల, నిటారుగా నున్నదానిని అడుగువాడు లేడు. లేత కొన తప్ప ముదిరిన కాడ వంగదు, విఱుగును. కావున చుట్లతో కొన్న కాడను కొన్నవాడు వంచుట పొసగదు. పోనీ, ‘వంచు’నకు మఱల ప్రేరణము చేర్చి ‘వంచించు’ అందమా, అది సంస్కృతములో వంకరగా పోవుటయను అర్థముగల ధాతువునుండి వచ్చినది. ‘వక్రము’ దాని చుట్టమే. తెలుగున దాని అర్థమును నేను చెప్పనక్కఱలేదు. వ్యాకరణము ఇంత కరుణతో నిజము చెప్పుట నే నన్యత్ర యెఱుగను.

తాత్పర్యము. వంచినవాడు బావగారు, నీళ్లు మార్చువాడను నేను. వారమున కొకమాఱు పాచిపట్టిన గాజుపాత్ర కడుగవలెను. కుళాయినీళ్లు పోసితినా ఆకుకొనలు మాడును. ఎండ తగిలినను మాడును. ఒక్కవారము మఱచితినా దోమపిల్లలు గిఱగిఱ తిరుగును. 2001లో ఈ కాడలను నీళ్లలో నిలిపి ఓడకెక్కింపగా చైనానుండి కాలిఫోర్నియాకు పులిచారల దోమ దిగుమతియైనది. కాలువలును, చేలును, వానలును గల మన డెల్టాకు ఆ శ్రమ యక్కఱలేదు; దోమలు మనకు స్వదేశీ సరకే. అదృష్టమును సీసాలో పెట్టి యిచ్చువారు దానితోపాటు ఒక దోమతెర యిచ్చిన నే నింత వ్యాఖ్య వ్రాయకపోదును.

విశేషము. సంక్రాంతి మొదలు నేను పాత్రను త్రిప్పలేదు. నడిమి కాడ తన చుట్లు విడిచి, మా పడమటి కిటికీవైపునకు జానెడు తిన్నగా పోయినది.