సబ్‌మిట్ నొక్కాక

కెనడా 2015లో శాశ్వత నివాసం (పీఆర్) దరఖాస్తులకు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతి మొదలుపెట్టాక తెలుగువాళ్లలో ఒక కొత్త జాతి బయల్దేరింది. పీఆర్ బాబులు అందాం. బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో ఉన్నా, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో ఉన్నా లక్షణాలు ఒకటే.

దరఖాస్తు చేసుకోమని ఇన్విటేషన్ వచ్చిన రోజు పీఆర్ బాబు స్వీట్లు పంచుతాడు. దరఖాస్తుకు 60 రోజుల గడువు. ‘బోలెడు టైముంది’ అంటూ యాభై దాటించి, ఆఖరి రాత్రి ఊపిరి బిగబట్టి సబ్‌మిట్ నొక్కుతాడు. తను ఏం రాశాడో చదవడం ఆ తర్వాతే మొదలవుతుంది.

ఫారం నింపేటప్పుడే మొదటి గండం పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆఫీసు ఐడీలో పొడి అక్షరమై మిగులుతుంది, పాస్‌పోర్టులో ఆ గడే ఖాళీ. అలాంటప్పుడు ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలో రాసి, పేరు గడి ఖాళీగా వదిలేయమని కెనడా వాళ్లే చెబుతారు. అలాగే రాశాడు. రాశాక దిగులు పట్టుకుంది.

“నాకు పేరే లేదనుకుంటారేమో!”

“మన శుభలేఖ కూడా జతచేయండి. అందులో పేరు పక్కన బీటెక్ అని కూడా ఉంది,” అంటుంది భార్య.

రెండోది చరిత్ర. గడచిన పదేళ్లలో, లేదా 18 నిండినప్పటి నుంచి, ఏ నెల ఏం చేశాడో, ఎక్కడున్నాడో సందు లేకుండా చూపాలి. అమీర్‌పేటలో కోర్సులు చేస్తూ ఉద్యోగం కోసం తిరిగిన నెలలను చుట్టాల దగ్గర ‘ప్రిపరేషన్’ అని నెట్టుకొచ్చాడు. ఫారంలో ‘నిరుద్యోగి’ అని రాయడానికి చెయ్యి రాదు. రాస్తే కొంపేం మునగదు, ఆ నెలల్ని ఎగ్గొడితేనే చిక్కు. ఇక అర్ధరాత్రి ఊరికి ఫోను.

“అమ్మా, నేనా రూము ఎప్పుడు ఖాళీ చేశాను?”

“కోడిపందేల ముందురా.”

ఫారం నెల, సంవత్సరం అడుగుతుంది. కోడిపందేలకు గడి లేదు.

సబ్‌మిట్ నొక్కాక చదువుకుని, పిన్‌కోడులో ఒక అంకె తారుమారైందని తెలిశాక బాబుకు అన్నం సయించలేదు. అదే ఫారంలో ఇంకో ప్రశ్న ఉంది: కెనడా గానీ మరే దేశం గానీ మీకు వీసా నిరాకరించిందా? ఎప్పుడో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 214(బి) సెక్షన్ కింద వీసా ఇవ్వకుండా వెనక్కి పంపింది. ‘అది అమెరికా గొడవ, వీళ్లకెందుకు’ అని ‘లేదు’ మీద టిక్కు పెట్టి, దాని గురించి మాత్రం హాయిగా నిద్రపోయాడు.

అసలు ప్రమాదం ఆ టిక్కులోనే ఉంది. కెనడా వలస చట్టం 40వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన సంగతి దాచినా, తప్పుగా చెప్పినా అయిదేళ్ల నిషేధం. 2014 నవంబరుకు ముందు అది రెండేళ్లే. మర్చిపోయానంటే సాధారణంగా చెల్లదు.

కనుక పీఆర్ బాబులకు ఒక మనవి. తప్పు కనబడితే అధికారి అడిగేదాకా ఆగకండి. ఫలానా గడిలో ఇలా రాశాను, సరైనది ఇదీ అని ఆధారంతో సహా ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌ఫారంలో మీరే పంపండి. పిన్‌కోడు సంగతీ రాయండి, కానీ ముందు వీసా సంగతి రాయండి.