ఉడికిన పీత గుర్తుకే మీ ఓటు

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిషర్‌మన్స్ వార్ఫ్ అనే రేవుకి ఒక గుర్తుంది. ఓడ చుక్కాని చక్రం, దాని నడిమధ్య ఎర్రటి పీత. టేలర్, జెఫర్సన్ వీధులు కలిసేచోట ఆ బోర్డు కింద నిలబడి ఫొటో దిగకపోతే అమెరికా చూసొచ్చామంటే మన వీధిలో ఎవరూ నమ్మరు. నేనూ దిగాను. కాకినాడవాణ్ణి కాబట్టి చూపు పీత మీదే ఆగిపోయింది. అక్కడి సముద్రంలో దొరికే డంజనెస్ పీత బతికున్నన్నాళ్లూ గోధుమరంగులో, కాస్త ఊదా కలిసి ఉంటుంది. ఎర్రబడేది ఉడికాకే. మత్స్యకారుల పేరు పెట్టుకున్న రేవు, పళ్లెంలోకి వచ్చేసిన పీతను గుర్తుగా ఎంచుకుంది. ఇంత నిజాయితీగా మేనిఫెస్టో రాసుకున్న పార్టీని మన దగ్గర నేనైతే చూడలేదు.

అది డిసెంబర్. వీధి పొడుగునా గుండిగల్లో నీళ్లు సలసల మరుగుతున్నాయి. బల్లల మీద పీతలు గుట్టలు పోసి ఉన్నాయి. నాలుగడుగులు అవతలికి వేస్తే పీతల పడవలు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి, మీద ఇనప బోనులు పేర్చి, చుక్క తడి లేకుండా. పడవ కదలకుండా పీత బల్ల మీదికి ఎలా నడిచొచ్చిందని అమ్మేవాణ్ణి అడిగాను. "వాషింగ్టన్" అన్నాడు. మావాడు అందుకున్నాడు: "డంజనెస్ అనేది వాషింగ్టన్ రాష్ట్రంలో ఊరే నాన్నా, ఆ ఊరి పేరే దీనికి పెట్టారు." భేష్. పీత పుట్టింటినుంచి ట్రక్కెక్కి దిగింది. అత్తింటివారి పడవలు రేవులో నిలబడి స్వాగతం పలికాయి.

ఆ పడవలు చాలామటుకు కుటుంబాలవే. నాన్న సరంగు, కొడుకు కళాసీ, చిట్టాపద్దులు అమ్మ చేతిలో. వాళ్ల పనేమిటో ఇంత పెద్ద వార్ఫ్‌లో నాకు ఏ టీషర్టు మీదా కనబడలేదు కనుక నేనే చెప్తాను. గుండ్రటి ఇనప చట్రానికి స్టీలు తీగ అల్లిన బోను, ఒక్కోటీ మనిషి బరువులో సగం. ఎర డబ్బాలో స్క్విడ్డో హెర్రింగో కుక్కి, అడుగుకి దించి, పైన ఎవరి రంగు వాళ్లు వేసుకున్న బెండు తేలేస్తారు. గోల్డెన్ గేట్ దాటాక మన కుంభాభిషేకం రేవులో కెరటాలు ఉయ్యాల పాటల్లా అనిపిస్తాయి. ఆ కెరటాల్లో వందల బోనులు ఒక్కోటీ లాగాలి, తెరవాలి, ఏరాలి, మళ్లీ ఎర పెట్టి వెయ్యాలి. ఆడపీత వస్తే సముద్రంలోకి. మగపీత డిప్ప ఆరుంపావు అంగుళాల వెడల్పు లేకపోతే అదీ సముద్రంలోకే. తాడు తెగి బోను అడుగునే ఉండిపోతే ఎలా అంటారా, దానికీ చట్టం ఉంది: తలుపుని నూలు దారంతో కట్టాలి. కొన్నాళ్లకు దారం చీకిపోయి, తలుపు తెరుచుకుని, లోపలి పీత తన దారిన తాను పోతుంది. తలుపు లేని అప్పుకాగితాలు మాత్రం ఒడ్డున ఉంటాయి.

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అన్నారు పెద్దలు. పీతను పట్టేవాడి కష్టాలు ఎవరివో చెప్పడం మరిచారు. ఆ ప్రాంతంలో పీతల సీజన్ ఆనవాయితీగా నవంబర్ 15న మొదలై జూన్ 30 దాకా నడవాలి. థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ పక్కన పీత ఉండటం ఆ ఊరి మర్యాద. 2015లో సముద్రం వేడెక్కి, నాచులో పుట్టిన డొమాయిక్ ఆమ్లం పీతల్లోకి చేరింది. సీజన్ మొదలయ్యేసరికి మార్చి నెలాఖరు. అది దైవికం, ఎవరినీ అనలేం. ఆ వేడికే నెత్తళ్లు ఒడ్డుకి దగ్గరగా వచ్చాయి, వాటి కోసం తిమింగిలాలు వచ్చాయి, వచ్చి బోనుల తాళ్లలో చిక్కుకున్నాయి. 2016లో అమెరికా పశ్చిమ తీరం మొత్తం మీద అలాంటి సమాచారాలు 71 వచ్చాయి. తాడు బిగుసుకుని నెలలతరబడి ఈదే తిమింగిలాన్ని ఎవరు చూడగలరు? 2017లో ఒక పర్యావరణ సంస్థ కోర్టుకెక్కింది, 2019లో రాజీ కుదిరింది. అప్పట్నుంచీ విమానాలెక్కి తిమింగిలాలను లెక్కపెట్టి, అవి వెళ్లాయంటేనే పడవలు వదులుతున్నారు. 2022 సీజన్ డిసెంబర్ 31న. దాని తర్వాతది 2024 జనవరి 18న, ఆ పైది 2025 జనవరి 5న, అదీ సగం బోనులతో. ముగింపు కూడా ముందుకే: 2023లో ఏప్రిల్ 15, 2024లో ఏప్రిల్ 8.

మన తూర్పు తీరంలోనూ వేట నిషేధం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. గోడ క్యాలెండర్‌లో అచ్చేసి ఉంటుంది. వల బాగుచేసుకుంటావో కూతురి పెళ్లే చేసుకుంటావో నీ ఇష్టం. అక్కడ పెళ్లి ముహూర్తం పెట్టాలంటే పంతులుగారు తిమింగిలాన్ని అడగాలి.

సరే, తిమింగిలం కోసం ఆ మాత్రం చెయ్యాలి. కానీ తిమింగిలాలను గుద్ది చంపేవి వేరే ఉన్నాయి: కంటైనర్ ఓడలు. అదే గోల్డెన్ గేట్ కింద నుంచే వెళ్తాయి. తిమింగిలాలు తిరిగే నెలల్లో వాటికి ఏం చెప్పారో తెలుసా? గంటకు పది నాటికల్ మైళ్లకు మించకుండా వస్తే సంతోషిస్తామని. స్వచ్ఛందంగా. నలభై అడుగుల పడవకి ఆజ్ఞ, వెయ్యడుగుల ఓడకి విన్నపం! ఆ ఓడలోనే మావాడి సోఫా, టీవీ, నేను కొన్న ఫ్రిజ్ మాగ్నెట్ పీత వచ్చాయి కనుక నేను మాట్లాడకూడదు.

ఇక వార్ఫ్‌లో సిసలైన అదృష్టవంతుల దగ్గరికి పోదాం. 1978లో ఒక పాత రేవుకట్టను దుకాణాల సముదాయంగా మార్చి పియర్ 39 అని తెరిచారు. 1989 అక్టోబర్‌లో భూకంపం వచ్చింది. కొన్నాళ్లకు, 1990 మొదట్లో, సీలయన్లు అనే సముద్ర జంతువులు గుంపులుగా వచ్చి అక్కడి పడవల తెప్పలెక్కి పడుకున్నాయి. కంపు. రాత్రింబవళ్లు అరుపులు. పడవలవాళ్లు మొరపెట్టుకున్నారు. వాటిని వెళ్లగొట్టాలా అని పెద్దలు ఆలోచించి, వెళ్లాల్సింది పడవలేనని తేల్చారు. ఇవాళ అవి అద్దె కట్టవు, లైసెన్సు తీసుకోవు, సీజన్ లేదు, చేపకి సైజు కొలవవు. 2024 మేలో వెయ్యి దాటాయని పత్రికలు పండగ చేసుకున్నాయి. పీతల పడవలు ఎన్ని మిగిలాయని ఏ పత్రికైనా అంత ముచ్చటగా లెక్క పెట్టిందా? సరంగు చేసిన పొరపాటల్లా తెల్లవారుజామున లేచి పనికి పోవడం. ఎండలో బొర్లా పడుకుని, పొట్ట గోక్కుంటూ, మధ్యమధ్య ఒక అరుపు అరిచి ఉంటే ఇవాళ అతనికీ ఒక వెబ్ కెమెరా ఉండేది.

ఇది ఇప్పటి జబ్బు కాదు లెండి. ఆ రేవుని రేవు చేసింది ఇటలీ నుంచి, ముఖ్యంగా జెనోవా, సిసిలీల నుంచి వచ్చిన జాలర్లు. అందులో ఒకరు జూసెప్పె డిమాజియో, సిసిలీలో ఇసోలా దెల్లే ఫెమ్మినే అనే ఊరివాడు, పీతల వేట. ఆయన కొడుకు జోకి చేపల వాసనంటే కడుపులో తిప్పేది. పడవెక్కనని మొండికేసి బేస్‌బాల్ ఆడాడు. అమెరికాలో బేస్‌బాల్ అంటే మనకి క్రికెట్. జో అంటే దాదాపు టెండూల్కర్. 1941లో వరసగా 56 ఆటల్లో హిట్ కొట్టి దేశాన్ని ఊపేశాడు. కొన్ని నెలలకు యుద్ధం వచ్చింది. జూసెప్పెకి అమెరికా పౌరసత్వం లేదు కాబట్టి శత్రుదేశీయుడన్నారు. 1942లో ఆయన్ని వార్ఫ్ దగ్గరికి రానివ్వలేదు, పడవ లాక్కున్నారు. పీత డిప్పలో ముస్సోలినీకి చీటీ పెట్టి పంపుతాడని భయం కాబోలు. అదే వార్ఫ్‌లో అప్పటికే కొడుకు పేరుతో హోటలు నడుస్తోంది. వేటాడిన తండ్రి గేటు బయట, వేటంటే ముక్కు మూసుకున్న కొడుకు బోర్డు మీద. ఈ రేవుకి ఎవరు కావాలో 1942లోనే తేలిపోయింది. తర్వాతిదంతా అమలు.

2020 మే 23 తెల్లవారకముందే ఇదే వార్ఫ్‌లో పియర్ 45 మీద ఒక షెడ్డు తగలబడింది. ఆ రోజు దాని పక్కనే జెరెమయ్యా ఓబ్రయన్ అనే రెండో ప్రపంచయుద్ధపు ఓడ, ఇప్పుడు మ్యూజియం. అగ్నిమాపక పడవ వచ్చి ఓడను కాపాడింది, మంచిదే. షెడ్డు లోపల పీతల కుటుంబాల బోనులు వేలకొద్దీ కాలిపోయాయి. బోను కొనాలంటే వందల డాలర్లు; దానికి తాడు, బెండు, ట్యాగు వేరే. 2023 నవంబర్‌లో మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క రాత్రిలో నలభై దాకా పడవలు కాలినప్పుడు ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ల ముఖాలు టీవీలో చూశాను. పియర్ 45 ముఖాలు చూడలేదు గానీ, పెద్ద తేడా ఉండి ఉండదు. ఆ షెడ్డు చోట ఇప్పుడేం రావాలన్నది అక్కడ చర్చ. బోనులు పెట్టుకునే గోదాము అయితే ఎవరు టికెట్టు కొంటారు చెప్పండి?

సాయంత్రమైంది. మా ఆవిడ ఒక బేకరీలో పీత ఆకారంలో కాల్చిన పుల్లని బ్రెడ్డు కొంది. డెక్కలూ కాళ్లూ అన్నీ ఉన్నాయి, సైజుకి కొలతల్లేవు, సీజన్ గొడవ లేదు. అది పట్టుకుని పడవల వైపు ఆఖరి ఫొటోకి వెళ్లాం. పేర్చిన బోనులు, రంగు బెండ్లు, వెనక ఎర్రబడ్డ ఆకాశం, మావాడికి నచ్చింది. ఒక పడవ మీద మాత్రం ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని తాళ్లు చుడుతున్నాడు. అరవై ఏళ్లుంటాయి, నారింజరంగు రబ్బరు ప్యాంటు. మావాడు కెమెరా ఎత్తి, చాలా మర్యాదగా, "సారీ, మీరు కాస్త పక్కకి జరుగుతారా, ఫ్రేములో పడుతున్నారు" అన్నాడు.

ఆయన జరిగాడు. ఫొటో బాగా వచ్చింది.