కూర విడిగా ఇప్పించగలరు

ప్రయాణాల్లో మా కంచంలో ఏం పడాలో నిర్ణయించే పెద్దాఫీసరు గారికి,

విషయం: అన్నం లేకుండా కూర కొనుక్కునే వెసులుబాటు గురించి విన్నపం.

అయ్యా,

మీ పేరు నాకు తెలియదు. మీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో, తలుపు మీద ఏ హోదా రాసి ఉందో అంతకన్నా తెలియదు. అయినా మీరు ఉన్నారనే నా గట్టి నమ్మకం. లేకపోతే రైల్లో, బస్టాండులో, హైవే పక్క హోటల్లో, చివరికి ఆకాశంలో కూడా ఒకే కంచం ఎలా ఎదురవుతుంది? మధ్యలో అన్నం కుప్ప, ఒక మూల పప్పు, ఇంకో మూల బంగాళాదుంప, నాన్‌వెజ్ అన్న పాపానికి రెండు ముక్కలు తేలే పులుసు, పైన అప్పడం, చివర్న స్వీటు. ఇంతటి ఏకాభిప్రాయం ఈ దేశంలో ఇంకే విషయంలోనైనా చూశారా? దీని వెనక ఎవరో ఒకరి సంతకం ఉండి తీరాలి. అది మీదేననుకుని ఈ లేఖ.

ముందు నా సంగతి. నాకు షుగరు. అన్నం, టిఫిన్లు బాగా తగ్గించి గుడ్డు, చేప, కోడి, ఆకుకూరలు పెంచమన్నారు డాక్టరు గారు. ఇంట్లో ఉన్నంతసేపు నా అంతటి నిష్ఠాపరుడు వీధిలో లేడు. పొద్దున ఆమ్లెట్టు, మధ్యాహ్నం గిన్నెడు గోంగూర మాంసం, రాత్రి చేప వేపుడు. గడప దాటి బ్యాగు భుజాన వేసుకున్నానా, ఇక నా షుగరు మీ దయాదాక్షిణ్యాల మీద నడవాల్సిందే.

ఇలాంటి విషయానికి బహిరంగ లేఖా అని మీరు విసుక్కోవచ్చు. అన్నం మానేవాళ్ళ శాస్త్రం మొదలైందే బహిరంగ లేఖతో, చిత్తగించండి. లండన్‌లో విలియం బాంటింగ్ అని ఒకాయన, అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. ఒళ్ళు ఎంత వచ్చిందంటే మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి నెమ్మదిగా దిగేవాడట. విలియం హార్వే అనే డాక్టరు (రక్తప్రసరణ కనిపెట్టిన హార్వే కాదు, ఆయన వేరు) రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప మాన్పించి మాంసం, చేపల మీద పెట్టాడు. ఒళ్ళు తగ్గిన సంబరంలో బాంటింగ్ గారు 1863లో ప్రజలనుద్దేశించి ఒక లేఖ రాసి పుస్తకంగా అచ్చేయించారు. ఆ తిండి పద్ధతికి ఆయన పేరే స్థిరపడిపోయింది. అంచేత నా ఉత్తరం సంప్రదాయబద్ధమే.

ప్రయాణంలో కూడా ఈ నిష్ఠ తప్పని మహానుభావుడు మరొకాయన ఉన్నాడు, స్టెఫాన్సన్. ఆర్కిటిక్ మంచుదేశంలో తిరిగి, అక్కడి ఇన్యూట్ జనంతో కలిసి ఏళ్ళ తరబడి వాళ్ళు తిన్న చేపలూ మాంసమే తిన్నాడు. ఎవరూ నమ్మకపోతే 1928లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో చేరి, డాక్టర్ల కళ్ళముందే మాంసం తిని చూపించడం మొదలెట్టాడు. ఆ పరీక్ష ఏడాదిపాటు సాగింది. గొప్ప మనిషే, కాదనను. కానీ అయ్యా, ఆయనకు దారిలో ఇడ్లీ బండి తగల్లేదు. సూర్యాపేట అసలే తగల్లేదు.

సూర్యాపేట దగ్గర హైదరాబాదు–విజయవాడ బస్సులు చాలా ఆగుతాయని మీకు తెలుసు. అక్కడ ఒక పెద్ద హోటల్లో కూర్చుని, నాటుకోడి కూర ఒక్కటీ తెమ్మన్నాను.

“కూరొక్కటే రాదు సార్. మీల్స్‌తోనే వస్తది.”

“నాకు అన్నం వద్దు బాబూ.”

“వద్దంటే పక్కకు పెట్టుండ్రి సార్. పైసలైతే అవే.”

“పైసలు మొత్తం తీసుకో. ఆ అన్నానికి బదులు ఇంకో కప్పు కూర ఇవ్వు.”

కుర్రాడు కౌంటరు వైపు చూశాడు. కౌంటర్లో ఆయన కంప్యూటరు వైపు చూశాడు. కంప్యూటర్లో మీల్స్ ఉంది, స్పెషల్ మీల్స్ ఉంది, పార్శిల్ మీల్స్ ఉంది, ఎక్స్‌ట్రా రైస్ ఉంది, కూర ఒక్కటీ అనే మీట లేదు. కుర్రాడు మంచివాడు. నా మొహం చూసి జాలిపడి, వంగి, గొంతు తగ్గించి రహస్యం చెప్పాడు: “పైన బార్‌ల దొరుకుతది సార్.”

అయ్యా, మీ పరిపాలనలో నాకు బోధపడని ముఖ్యమైన మర్మం ఇదే. కింద అంతస్తులో కోడి అన్నానికి తోడుపెళ్ళికూతురు, పైమెట్టు ఎక్కితే అదే కోడి స్వతంత్రురాలు. బార్ మెనూలో చికెన్ ఫ్రై, లివర్ ఫ్రై, రొయ్యల వేపుడు, బోటీ, ఉడికిన గుడ్డు మీద ఉల్లిపాయ, మిరియాలు, ఎన్ని రకాలో! ప్లేటు లెక్కన, ఏ అన్నం జామీనూ లేకుండా ఇస్తారు. తెలంగాణ పల్లెల్లో కల్లు దుకాణం దగ్గరకు వెళ్ళినా అంతే, ఆకులో కార్జం వేపుడో చాక్నానో పెట్టి చేతికిస్తారు, అన్నం తింటావా అని అడిగేవాడే ఉండడు. అంటే తాగేవాడికి ఉన్న తిండి స్వేచ్ఛ తాగనివాడికి లేదన్నమాట. చీకటి గదిలో, నీలి లైటు కింద కూర్చుని నిమ్మకాయ సోడా ఉప్పుతో తెప్పించుకుని కోడి వేపుడు తింటుంటే, పక్క బల్ల వాళ్ళు ‘పాపం, మానేశాడు కాబోలు’ అన్నట్టు చూస్తారు. బంధువులెవరైనా చూస్తే ఇంటికి ఫోను వెళ్తుంది. నా షుగరు అదుపులో ఉండటానికి నా పరువు ఖర్చు పెట్టాల్సి వస్తోందని తమరు గమనించ ప్రార్థన.

అక్కడ కూడా చికెన్ 65, అపోలో ఫిష్, మంచూరియా జోలికి పోకూడదు. కార్న్‌ఫ్లోరో మైదానో లేకుండా అవి నూనెలోకి దిగవు. మాంసం కదా అని హలీం మీద పడ్డవాళ్ళూ ఉన్నారు, అందులో సగం పని చేసేది గోధుమలే.

లెక్క చెబుతాను, మీకు లెక్కలంటేనే నచ్చుతాయి కాబట్టి. వండిన అన్నం నూరు గ్రాములకు పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. మీ కంచంలో మొదటి వడ్డనే 300 గ్రాములకు తగ్గదు, అంటే 80 గ్రాముల పైమాటే. కీటో అని పిండిపదార్థాన్ని గట్టిగా కట్టడి చేసేవాళ్ళు రోజంతటికీ పెట్టుకునే హద్దు 20 నుంచి 50 గ్రాములు. మీ ఒక్క పూట అన్నంలో వాళ్ళ రోజున్నర కోటా పైనే అయిపోతుంది, స్వీటు ఇంకా లెక్కలో వేయలేదు. ఉడికిన గుడ్డులోనో, ఒక గ్రాము కూడా ఉండదు.

మీ వైపు న్యాయం లేదనను. రైల్వే జనతా ఖానా చూడండి: 175 గ్రాముల్లో 7 పూరీలు, 150 గ్రాముల ఆలూ కూర, కాస్త పచ్చడి, 2019లో పెట్టిన ధర 20 రూపాయలు. అదే ఏడాది మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో శాకాహార భోజనం 80, గుడ్డు కూరతో అయితే 90, చికెన్ కూరతో 130 అని పెట్టారు. కడుపు నింపడం చవక, కండ నింపడం ఖరీదు. జనరల్ బోగీలో నిలబడి వెళ్ళే మనిషికి ఇరవై రూపాయల పూరీయే దేవుడు, ఆ పూరీ జోలికి మీరు వెళ్ళొద్దు. పైగా నూనెలో వేగిన పూరీ ఎండలో కూడా సాయంత్రం దాకా నిలుస్తుంది, కోడి కూర నిలవదు. మన ముందుతరాల వాళ్ళు ప్రయాణానికి పులిహోర కట్టుకున్నదీ అందుకే, చింతపండూ నూనే కలిసి అన్నాన్ని పాడవనివ్వవు.

కానీ నిలవ ఉండే మాంసం మనకు లేదా? ఉప్పుచేప ఉంది, ఎండురొయ్య ఉంది, తెలంగాణలో ఎండబెట్టిన మాంసం ఒరుగులున్నాయి. కోడి, మటన్, రొయ్యల పచ్చళ్ళు కిలోల లెక్కన సీసాలకెక్కుతున్నాయి. డల్లాస్‌లో చదివే మనవడికి పంపాలని అమ్మమ్మలు వాటినే సూట్‌కేసు అడుగున చీరల మధ్య దాస్తారు, అమెరికా కస్టమ్స్ వాళ్ళు మాంసం అని తెలిసిన క్షణాన చెత్తబుట్టలో పడేస్తారు. మన స్టేషన్లో మన పచ్చడికి కస్టమ్స్ లేదు గదా! అయినా ఫలహారశాల అద్దాల వెనక అంతా బిస్కెట్టే, కేకే, సమోసాయే.

మన రాష్ట్రాల్లో ఊళ్ళ ఖ్యాతి కూడా నా మీద కుట్ర చేసింది. తాపేశ్వరం దాటితే కాజా, ఆత్రేయపురం పేరెత్తితే పూతరేకు, బందరు అంటే లడ్డు, మాడుగుల అంటే హల్వా. రాజమండ్రిలో దిగితే ప్రతివాడూ రోజ్‌మిల్క్ తాగావా అని అడుగుతాడు. ఒక్క అరకులో మాత్రం మీ సంతకం చెల్లదు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె వేయరు. బొంగు బయట నల్లగా మాడాక గుచ్చి ఆకులోకి దులిపితే పొగలు కక్కుతూ జారతాయి ముక్కలు, పైన ఉల్లిపాయ, నిమ్మబద్ద. రైసు కావాలా అని అడిగే నాథుడు ఉండడు. నాకు ఆ కోడి అమ్మిన ఆవిడను మీ సలహా సంఘంలో వేసుకోవలసిందిగా నా సిఫారసు.

ఈ పిచ్చి నా ఒక్కడిదే అనుకోకండి. వీరమాచనేని రామకృష్ణ గారి అన్నం మానే పద్ధతి తెలుగునేలను ఊపేసిన రోజుల్లో ఏ పెళ్ళికెళ్ళినా చేతిసంచీలో కొబ్బరినూనె సీసా, నిమ్మకాయలు, మల్టీవిటమిన్ మాత్రలు పెట్టుకున్నవాళ్ళు కనిపించేవారు. డాక్టర్లు చాలామంది గట్టిగా అభ్యంతరం చెప్పారు, టీవీల్లో పెద్ద రగడే జరిగింది. ఎవరిది ఒప్పో నేను తేల్చను. ఒక్కటి మాత్రం చెప్పాలి: ఇన్సులిన్, షుగరు తగ్గించే మాత్రలు వాడేవాళ్ళు డాక్టరు చేత డోసు మార్పించుకోకుండా అన్నం మానేసి బస్సెక్కితే షుగరు పడిపోయి కళ్ళు తిరగొచ్చు. అది పట్టుదల కాదు, తెలివితక్కువ.

భారత వైద్య పరిశోధన మండలి సర్వే చేసి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు పది కోట్ల పైచిలుకు. మన తిండిలో కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని కూడా ఆ పరిశోధకులే తేల్చారు. ఆ పది కోట్ల మందీ ఎప్పుడో ఒకప్పుడు రైలో బస్సో ఎక్కుతారు గదా? రైల్వే బోర్డు 2022 నవంబరులో షుగరు రోగులకు తగిన తిండి, పసిపిల్లల ఆహారం, ప్రాంతీయ వంటలు, చిరుధాన్యాల వంటకాలు మెనూలో చేర్చుకోవచ్చని ఐఆర్‌సీటీసీకి వెసులుబాటు ఇచ్చింది. కాగితం మీద దారి పడిందన్నమాట. అయితే షుగరు అనగానే అందరూ చిరుధాన్యాల వైపే చూపిస్తున్నారు, అక్కడే నా భయం. జొన్నలో, సజ్జలో పీచు ఎక్కువన్నది నిజమే, పిండిపదార్థమూ నూటికి అరవై పైనే. జొన్నరొట్టె పెట్టి చేతులు కడుక్కోవద్దు.

విమానాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. షుగరు వాళ్ళ భోజనానికి ఒక కోడ్ ఉంది, కేలరీలు తక్కువ భోజనానికి ఇంకోటి ఉంది, పిండిపదార్థం తక్కువ అనే కోడ్ మామూలు జాబితాలో లేదు.

ఇంతకీ నేను అడిగేదేమిటి? కొత్త పథకం అక్కర్లేదు, కమిటీ అసలే వద్దు. మన ఊళ్ళలో కర్రీ పాయింట్ అని ఒకటుంది, తమరి దృష్టికి వచ్చిందో లేదో. ఇంట్లో కుక్కర్లో అన్నం పడేసుకుని వచ్చినవాడు కౌంటరు ముందు నిలబడి ఇది ఒక ప్యాకెట్టు, అది అర ప్యాకెట్టు అంటాడు, దారంతో ముడేసి ఇస్తారు. అన్నం లేకుండా కూర అమ్మితే ధర్మం తప్పుతుందని అక్కడ ఎవరూ అనుకోలేదు, ఏ కంప్యూటరూ అడ్డుపడలేదు. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో సందు సందుకూ ఏళ్ళుగా నడుస్తున్న వ్యాపారమిది. దాన్నే తెచ్చి ప్లాట్‌ఫారం మీద, బస్టాండులో, హైవే హోటలు కౌంటరు పక్కన పెట్టించండి. కోడి కూర, గుడ్డు కూర, చేప పులుసు, మాంసం తిననివాళ్ళకు పనీరు, ఆకుకూర వేపుడు, ఉడికిన వేరుశనగలు, ఏదైనా కప్పు లెక్కన అమ్మించండి. పనిలో పనిగా రైల్లో ‘బ్రెడ్డామ్లెట్’ అని అరిచే అబ్బాయికి చెప్పి ఆ రెంటినీ విడదీయించండి. ఆమ్లెట్టు ఒక్కటీ ఇమ్మంటే బ్రెడ్డు నేనేం చేసుకోను అని నన్నే అడుగుతాడు.

అన్నం తినేవాళ్ళ కంచంలోంచి ఒక్క మెతుకు తీయమని నేను అడగడం లేదు. కూర ధర విడిగా బోర్డు మీద రాయించండి, ఆ కంప్యూటర్లో ఒక మీట పెట్టించండి. వచ్చే నెల మళ్ళీ విజయవాడ బస్సెక్కాలి, ఈలోగా ఉత్తర్వులు ఇప్పించగలరని ప్రార్థిస్తూ,

ఇట్లు,
తమ విధేయుడు,
కిటికీ పక్క సీటు ప్రయాణికుడు

తా.క.: అప్పడం కూడా వద్దు.